పందికొక్కు రెండో పేరు

ఒకప్పుడు పందికొక్కుకి బొరియ లేదు. బొరియ ఎందుకు? దానికి దాచుకోవలసింది ఏమీ లేదు, దాక్కోవలసిన పనీ లేదు. పట్టపగలు గడ్డివాము నీడలో కాళ్ళు చాపుకుని కూర్చునేది. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే పలికేది. అప్పట్లో దాని గొంతు ఇప్పటిలా ఉండేది కాదు. కంచుగంట కొట్టినట్టు ఖంగుమనేది.

అది ఉండే మాగాణి బందరు రేవుకి కోసెడు దూరం. గాలి అటునుంచి వీస్తే ఓడ తెరచాపల చప్పుడు వినిపించేది. ఇటునుంచి వీస్తే ఓడవాళ్ళకి కొత్త ధాన్యం వాసన తగిలేది.

పందికొక్కుకి తన పేరంటే మహా ఇష్టం. ఒళ్ళు పందిలా దిట్టంగా ఉంటుంది కాబట్టి పంది. మూతీ తోకా ఎలుకవి కాబట్టి కొక్కు. కొక్కు అన్నా ఎలుక అన్నా ఒకటే.

"మీ అందరివీ ఒంటి పేర్లు," అనేది అది ఉడతతో. "నా పేరు చూడు. పిలిస్తే ఇద్దరు వచ్చినట్టుంటుంది."

"తినేటప్పుడు కూడా ఇద్దరు తిన్నట్టే ఉంటుంది మావా," అనేది ఉడత.

ఆ రోజుల్లో చేలో ఏ ప్రాణీ దొంగతనం చేసేది కాదు. ఆ అవసరమే రాలేదు. నూర్పిళ్ళు అయ్యాక, ధాన్యం కొలవకముందు, కళ్ళం ఇల్లాలు రాశి పక్కన నిలబడి ఒక్కొక్క ప్రాణినీ పేరుపెట్టి పిలిచేది. పిలిస్తే పలకాలి. పలికితే చేటెడు గింజలు. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఆ చేట మళ్ళీ రాశిలోకి వంపేసేవారు. రాశిలో కలిసిన గింజని తిరిగి వేరు చెయ్యకూడదు. అది కళ్ళం కట్టుబాటు. ఆ చేటెడు గింజలే ఏ ప్రాణికైనా వచ్చే కోతలదాకా తిండి.

ఆ కళ్ళం ఇల్లాలు నాంచారమ్మ. చీమ నుంచి కొంగ దాకా ఆవిడకి అందరి పేర్లూ నోటికి వచ్చు. ఒక్క పేరు మాత్రం నోట రాదు. అది ఆవిడ భర్తది. ఆయన పేరు పేరయ్య. భర్త పేరు పలకకూడదని ఆ కాలపు ఆడవాళ్ళ పట్టింపు. నాంచారమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. భర్త పేరులో ఉంది కదా అని, 'పేరు' అనే మాటనే మానేసింది. కొత్త పిట్ట కనిపిస్తే, "దీని పిలుపేంటి?" అని అడిగేది. భర్తని, "ఇదుగో" అనేది.

ఆ ఏడు కోతలప్పుడు రేవులో ఓ ఓడ ఆగింది. అందులోంచి ఒక దొర దిగి, ధాన్యం చూడడానికి కళ్ళానికి వచ్చాడు. ఎండకి కందిన మొహం, బిగుతు బూట్లు, చంకలో ఓ పుస్తకం. కొత్తది ఏది కనబడినా దాని పేరు అడిగి, అందులో రాసుకోవడం ఆయన అలవాటు. వచ్చీరాని తెలుగు మాట్లాడేవాడు.

దొర రాశిని చూశాడు. గుప్పెడు గింజలు తీసి కొరికి చూశాడు. వెనక్కి తిరిగేసరికి బూటు పక్కనే పందికొక్కు కూర్చుని, తలెత్తి ఆయన్నే చూస్తోంది. దొర ఒక్క గెంతు గెంతి, అక్కడున్న బండి ఎక్కేశాడు.

"ఏమిటి ఇది? దీని పేర్ ఏమిటి?"

"పందికొక్కు, దొరగారూ. ఏమీ చెయ్యదు, దిగండి," అంది నాంచారమ్మ.

"ప్యాండి... ప్యాండికో..." దొర దవడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి దానికి ఓ దారి దొరికింది. "బ్యాండికూట్!"

పక్కనే గడ్డితాడు పేనుతున్న పేరయ్య తలెత్తాడు. "బండి కూతా? ఇరుసుకి కందెన పెట్టని మాట నిజమేలే. నిలబడ్డ బండెక్కి ఆ సంగతి ఎట్టా కనిపెట్టాడే?"

ఉడత నవ్వలేక కొమ్మ మీదనుంచి జారింది. పిచ్చుకలు గోల చేశాయి. పందికొక్కు మాత్రం నవ్వలేదు. దొర ఇంకోసారి "బ్యాండికూట్" అనగానే, "ఆఁ!" అని ఖంగుమంటూ పలికింది. దొర ఆ పేరు పుస్తకంలో ఎక్కించుకుని, బండి రెండో వైపునుంచి దిగి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకి ఓడ కూడా వెళ్ళిపోయింది.

పందికొక్కు ఇక నేలమీద నిలవలేదు.

"చూశావా? నా పేరు ఓడెక్కింది."

"నువ్విక్కడే ఉన్నావుగా మావా?" అంది ఉడత.

"మావా ఏమిటి? బ్యాండికూట్ అను."

"దాని అర్థం?"

పందికొక్కు కాస్సేపు ఆలోచించింది. "అర్థం కావాలంటే పాత పేరుంది. ఇది గొప్ప కోసం."

అప్పటినుంచి ఏడాది పొడుగునా అది కొత్త పేరు సాధన చేసింది. దొర తిప్పినట్టే దవడ తిప్పేది. పొద్దున్నే గడ్డివాము మీద నిలబడి, "బ్యా... బ్యా..." అని మొదలుపెట్టేది. ఒకసారి ఆ కూత విని, తప్పిపోయిన మేక దొరికిందని ఓ కాపరి పరిగెత్తుకొచ్చాడు. అరిచి అరిచి దాని గొంతు బొంగురుపోయింది. అయినా మానలేదు.

మళ్ళీ కోతలు వచ్చాయి. నూర్పిళ్ళు అయ్యాయి. నాంచారమ్మ చేట పట్టుకుని రాశి పక్కన నిలబడింది. చీమ పలికింది, పిచ్చుక పలికింది, ఉడత పలికింది. ఎవరి గింజలు వాళ్ళు తీసుకున్నారు.

"పందికొక్కూ!"

పందికొక్కు రేవు వైపు చూస్తూ కూర్చుంది.

"పందికొక్కూ! నిన్నే."

"పలుకు మావా," అని ఉడత గుసగుసలాడింది. "చేట నిండుగా ఉంది."

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు."

నాంచారమ్మ ఆగింది. చేటలో గింజలు సర్దినట్టు చేసి ఇంకాస్త ఆగింది. కట్టుబాటు కట్టుబాటే. మూడోసారి పిలిచింది. చెట్టు మీద ఆకు కదిలింది గానీ పందికొక్కు కదల్లేదు. చేట వంగింది. గింజలు జలజలా రాశిలో కలిసిపోయాయి.

ఆ చప్పుడుకి పందికొక్కు ఉలిక్కిపడి లేచింది.

"అదేమిటి నాంచారమ్మా! నన్ను పిలవనే లేదుగా? నా పేరు బ్యాండికూట్."

"బండి... బండికూడు..." నాంచారమ్మ ప్రయత్నించింది. "ముసలి నోరు నాయనా. ఇప్పుడు కొత్త వంకర తిరగమంటే ఎట్టా తిరుగుద్ది?"

సరిగ్గా అప్పుడు గట్టు మీద ఓ ఉల్లంకి పిట్ట వాలింది. సన్నకాళ్ళ పిట్ట, సముద్రాలు దాటి తిరిగే పిట్ట. అది తల ఒక పక్కకి వంచింది.

"బ్యాండికూట్ అన్నారా? నాకు తెలుసే. పోయిన నెలేగా చూసొచ్చాను."

"నేను ఇక్కడినుంచి కదలనే లేదు!" అంది పందికొక్కు.

"నువ్వు కాదు. దక్షిణాన, సముద్రానికి అవతల, ఓ పెద్ద దేశం ఉంది. అక్కడుంది బ్యాండికూట్. పొడుగు మూతి, వెనక్కాళ్ళ మీద గెంతుతూ పోతుంది, పొట్టకి ఓ సంచి. ఆ దొర మనుషులు ఓడ దిగి దాన్ని చూశారు. అక్కడివాళ్ళు దానికి ఎప్పుడో పేరు పెట్టుకున్నారు. వాళ్ళని ఒక్కరూ అడగలేదు. పుస్తకం తిరగేశారు. మూతి చూసి, ఇది అదే అన్నారు. పేరు అంటించేశారు."

పందికొక్కు మూతి వేలాడిపోయింది. "అది ఊరుకుందా?"

"ఏం చేస్తుంది? అర్థమేమిటని నన్నడిగితే చెప్పాను. తన ఒళ్ళు తాను చూసుకుంది. 'నేను పందినీ కాను, కొక్కునీ కాను. ఈ పేరు ఎవరిదో వాళ్ళకి ఇచ్చేస్తాను' అంది. అప్పటిదాకా పాడవకుండా సంచిలో దాచింది. రోజూ మూతితో మట్టి తవ్వుతుంది కదా, మట్టి లోపల పడకుండా సంచి నోరు వెనక్కి పెట్టుకుంది. మంచి జంతువు."

పందికొక్కు రాశి కేసి చూసింది. తన చేటెడు గింజలు అందులో ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేరు. వచ్చే కోతలదాకా ఏం తినాలి? అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటి పట్టుకుంది.

"పాత పేరుకి నేనే పలకలేదు. కొత్త పేరు ఇంకొకరి సంచిలో ఉంది. నాంచారమ్మా, ఇప్పుడు నేనెవరిని? వచ్చే ఏడు నన్ను ఏమని పిలుస్తావు?"

నాంచారమ్మ చేట కింద పెట్టింది. వెనక్కి తిరక్కుండానే, "ఇదుగో!" అంది.

"ఏంటే?" అంటూ పేరయ్య గడ్డితాడు వదిలేసి వచ్చాడు.

"చూశావా? నలభై ఏళ్ళుగా ఈయన్ని ఇట్టానే పిలుస్తున్నాను. ఇదుగో అంటే ఈయనే వస్తాడు. పొరుగింటాయన రాడు. అంత మాత్రాన ఈయన అసలు పిలుపు ఎక్కడికైనా పోయిందా? నేను పలక్కపోయినా ఆయనది ఆయనకే ఉంది. పిలిచేవాళ్ళు తలో తీరున పిలుస్తారు నాయనా. వాళ్ళ నోరు వాళ్ళది. పలకడం మన చేతిలో ఉంది."

"పిలిచింది ఇందుకా?" అన్నాడు పేరయ్య. "సగం పేనిన తాడు వదిలేసి వచ్చాను."

"ఉండు," అని నాంచారమ్మ పందికొక్కు వైపు తిరిగింది. "గింజలివ్వలేను. ఊరికే పిలుస్తున్నాను. పందికొక్కూ!"

పందికొక్కు ఈసారి ఆలస్యం చెయ్యలేదు. ఒళ్ళంతా కూడదీసుకుని "ఆఁ" అనబోయింది. ఏడాది సాధనకి అరిగిపోయిన గొంతులోంచి "గుర్ ర్ ర్" అని వచ్చింది.

ఉడత తోక విదిల్చింది. "అచ్చం పంది కూత! నీ పేరులో సగం ఇవాళే నిజమైంది మావా!"

పిచ్చుకలు నవ్వాయి. ఉల్లంకి నవ్వింది. చివరికి పందికొక్కుకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా గుర్రుమనే వచ్చింది.

"నవ్వులు సరే, దీని తిండి మాటేంటి?" అన్నాడు పేరయ్య. ఆయన మాటలు తక్కువ, లెక్క సూటి. "రాశిలోది తియ్యకూడదు, ఒప్పుకున్నాను. చేలో రాలిన వెన్నులున్నాయి. అవి రాశిలో కలవలేదుగా?"

"అవి ఎవరి పాలూ కాదు. ఏమని ఇస్తాం?" అంది నాంచారమ్మ.

"దారి బత్తెం అని ఇస్తాం. ప్రయాణం కట్టినవాళ్ళకి దారిలో తినడానికి బత్తెం ఇవ్వొద్దని ఏ కట్టుబాటులోనూ లేదు."

"నాకు ప్రయాణమా? ఎక్కడికి?" అంది పందికొక్కు.

"నీ చుట్టం దగ్గరికి. ఒకే పేరున్నవాళ్ళు సగం చుట్టాలు. అవతల అది నీ వస్తువు దాచి, ఇచ్చేస్తానని కూర్చుంది. వెళ్ళి పలకరించి రావద్దూ?"

"నాకు సముద్రం ఈదడం రాదు."

ఉల్లంకి ముక్కుతో నేల మీద రెండుసార్లు పొడిచింది. "కిందనుంచి పో. ఆ దేశం భూమికి అడుగు వైపే కదా ఉంది. అటునుంచి అది తవ్వుతూనే ఉంది. ఇటునుంచి నువ్వు తవ్వు."

పందికొక్కు ఆ పూటే చేలో దిగింది. రాలిన వెన్నులు నోట కరచుకుని, గట్టు పక్కన నేల గోకడం మొదలుపెట్టింది. ఉడత గట్టు మీద కూర్చుని, "అటు కాదు మావా, దక్షిణం ఇటు," అని సాయంత్రం దాకా దారి చెప్పింది. మర్నాటికి పందికొక్కు తోక కూడా కనబడలేదు. మూడోనాడు మట్టి మూతితో పైకి వచ్చింది.

"చేరావా?" అడిగింది నాంచారమ్మ.

"చాలా దూరం. బత్తెం అయిపోయింది," అని మరో నాలుగు వెన్నులు లాక్కుని మళ్ళీ దిగింది. చూడ్డానికి అలసిపోయినట్టు లేదు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళ హడావిడిలా ఉంది.

అప్పటినుంచే పందికొక్కు నేల తవ్వుతోంది. వరి వెన్నులు ఈడ్చుకుపోయి బొరియలో కుప్ప పెట్టుకుంటోంది. మనం దొంగతనమంటాం. అది మాత్రం దారి బత్తెమనే అనుకుంటుంది. సముద్రానికి అవతల ఆ పొడుగు మూతి చుట్టం కూడా, సంచి నోరు వెనక్కి పెట్టుకుని, నేలలో గుంట తరవాత గుంట తవ్వుతూనే ఉంది. రెండూ ఇంకా కలుసుకోలేదు. కానీ ఈలోగా పందికొక్కు ఒక్క సంగతి మరిచిపోలేదు. గట్టు మీద నిలబడి, "పందికొక్కూ" అని చూడండి. లోపలినుంచి గుర్రుమంటుంది, మొదటి పిలుపుకే.