గాలిపల్లకిలో దిండ్లు

ఒక రాజుగారికి గండభేరుండ పక్షి మోసే చిన్న గాలిపల్లకి ఉండేది. ఒకరోజు ఆయనా, మంత్రి తిప్పనామాత్యుడూ పొరుగు రాజ్యంలో పెళ్లికి బయల్దేరారు. "పల్లకి కూలినా ప్రభువులకు దెబ్బ తగలకూడదు!" అంటూ మంత్రి దాని నిండా దిండ్లు కుక్కించాడు. తీరా పక్షి ఎంత రెక్కలు కొట్టుకున్నా పల్లకి లేవలేదు.

"లేపకపోయావో, కొరడా దెబ్బలే!" అని పల్లకి నడిపే కొమరయ్య మీద మంత్రి విరుచుకుపడ్డాడు.

కొమరయ్య చేతులు కట్టుకుని, "బరువెక్కువైంది దొరా. ఈ దిండ్లన్నీ కలిపితే ఇంచుమించు తమరంత తూగుతాయి. ప్రభువుల క్షేమం ముఖ్యం కాబట్టి దిండ్లు ఉండనిద్దాం. తమరు దిగండి," అన్నాడు.

రాజుగారు మీసాల చాటున నవ్వుకున్నారు. మంత్రికి పెళ్లిభోజనం కళ్లముందు కదిలింది. దిండ్లను తన చేతులతోనే బయటికి విసిరేస్తూ, "నువ్వుండగా పల్లకి ఎందుకు కూలుతుందిరా కొమరయ్యా!" అన్నాడు.