సాహెబు గారి సిఫారసు

చీకట్ల హైమకు ఒక సంతకం కావాలి.

చమురు, గ్యాస్ కంపెనీల కోసం భూముల పని చేసేవాళ్ళకి హైదరాబాదులో ఒక సంఘం ఉంది. రికార్డులు వెతికి, రైతులతో మాట్లాడి, పొలాల్లో గొట్టాలు వెయ్యడానికి ఒప్పందాలు రాయించేవాళ్ళ సంఘం అది. అందులో చేరాలంటే దరఖాస్తు చివర పాత సభ్యుడొకరు సిఫారసు చేసి సంతకం పెట్టాలి. జూన్ నెలాఖరుతో గడువు అయిపోతుంది. హైమ పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో భూముల అధికారి ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. సంఘంలో సభ్యత్వం ఉన్నవాళ్ళకే దాన్ని ఇస్తామన్నారు.

సంతకానికి ఆమె ఎవర్నీ వెతుక్కోనక్కర్లేదు. అమలాపురంలో దస్తగిరి సాహెబు గారున్నారు. ఒకప్పుడు సర్వేయరు. రిటైరయ్యాక పదిహేనేళ్ళు గ్యాస్ గొట్టాల పని చేశారు. ఆ సంఘం పెట్టిన మొదటి పదిమందిలో ఆయనొకరు. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా కళ్ళజోడు లేకుండా పొలం పటం చదువుతారు. లా చదివి ఏం చెయ్యాలో తెలీక తిరుగుతున్న హైమకి ఈ పని నేర్పింది ఆయనే. సర్వే నంబరు పట్టుకుని ముప్పై ఏళ్ళ వెనక్కి ఎలా వెళ్ళాలో, పాత దస్తావేజులో తేడా ఎక్కడ దాక్కుంటుందో, అన్నీ ఆయన అరుగు మీద కూర్చునే నేర్చుకుంది.

ఆదివారం సాయంత్రం ఫారం తీసుకుని వెళ్ళింది.

సాహెబు గారు మొదటి పేజీ నుంచీ చదవడం మొదలుపెట్టారు. ఆయన ఏది చదివినా అంతే, కరపత్రమైనా సరే. అనుభవం అన్న చోట హైమ తన చివరి పని గురించి రాసింది. గోదావరి పాయ పక్కన చినగాడిలంక మీదుగా వెళ్ళే గొట్టం, నలభై మూడు చేలు, నలభై మూడు ఒప్పందాలు.

"ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగారు.

"ఇరవై ఆరు రోజులండి. మా కంపెనీలో ఇంత తొందరగా ఎవరూ చెయ్యలేదండి."

ఆ మాట అంటున్నప్పుడు తన గొంతులో సంతోషం హైమకే వినబడింది. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

సాహెబు గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"ఈ నలభై మూడింట్లో నీకు బాగా తెలిసిన చేను ఏది?"

"నూట పన్నెండు బై రెండు అండి. ఇప్పుడు గెద్దాడ నూకరత్నం పేరున ఉంది. రికార్డులో చనిపోయిన భర్త పేరే ఉంటే, వారసత్వం కాగితాలన్నీ నేనే తయారు చేశాను. దాని మీదే వారం రోజులు కూర్చున్నాను."

"అయితే రేప్పొద్దున్న అక్కడికి వెళ్దాం. పటం తీసుకురా."

"మరి సంతకం, గురువు గారూ?"

"ఫారం కూడా తీసుకురా."

మర్నాడు ఏడింటికల్లా హైమ స్కూటరు మీద బయల్దేరారు. సాహెబు గారు వెనక కూర్చున్నారు. ఒళ్ళో ఒక సంచీ, అందులో కొబ్బరి తాడు చుట్ట ఉన్నాయి. ఎందుకని హైమ అడగలేదు. ఆయన్ని అడిగినా చెప్పరని తెలుసు.

మూడు రోజుల కిందటే తొలకరి పడింది. లంకలో మట్టి నల్లగా, మెత్తగా ఉంది. గట్టు మీద ఒకామె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గునపంతో గొయ్యి తవ్వుతోంది. నలభై అయిదేళ్ళుంటాయి. హైమ స్కూటరు ఆపి, పటం విప్పుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది.

"నూకరత్నం గారి చేను ఎక్కడండీ?"

ఆమె గునపం ఆపి, చేత్తో నుదురు తుడుచుకుంది.

"ఇదేనమ్మా. నేనే నూకరత్నాన్ని. మీరెవరు?"

హైమ సాహెబు గారి వైపు చూసింది. ఆయన సంచీలోంచి తాడు తీస్తున్నారు.

"నేను... గ్యాసు గొట్టం కంపెనీ నుంచండి. మీ ఒప్పందం రాయించింది నేనే."

"నిన్నెప్పుడూ చూళ్ళేదే," అంది నూకరత్నం. అందులో నిష్ఠూరమేమీ లేదు. నిజంగానే చూళ్ళేదు. ఊళ్ళో హైమ పని చేసిన పద్ధతి వేరు. ఒక్కో కుటుంబంలో కాస్త చదువుకున్న మగాణ్ణి చూసుకుని, ఆయన అరుగు మీదే కూర్చుని మాట్లాడేది. కాగితాలు ఆయనకిచ్చి మిగతావాళ్ళ సంతకాలు తెప్పించుకునేది. నూకరత్నం కాగితాలు మరిది సూర్రావు తెచ్చాడు. సంతకం సరిపోయింది. సాక్షుల సంతకాలూ సరిపోయాయి.

"సంతకం మీరే పెట్టారు కదండీ?" అని అడిగింది హైమ.

"నేనే పెట్టాను. గొట్టం భూమిలోంచి పోతాదంట, చేను మనదేనంట అన్నాడు మా మరిది. మనదే అయితే ఇంకేంటి, పెట్టేశాను."

చేను నిండా గోతులు. వరసగా, కొలిచినట్టు తవ్వి ఉన్నాయి. ఒక పక్కన తాటాకుల నీడలో మొలకెత్తిన కొబ్బరి మొక్కలు పేర్చి ఉన్నాయి.

"ఇరవై రెండమ్మా," అంది నూకరత్నం, హైమ చూపు అటు వెళ్ళడం చూసి. "అంబాజీపేట నుంచి తెచ్చుకున్నాను. గోతులన్నీ నేనే తవ్వుకున్నాను. ఇది ఆఖరిది. వరి ఇంక నావల్ల కాదు. ఇవైతే ఓ ఆరేళ్ళు నీళ్ళు పోస్తే చాలు. తరవాత అవే నన్ను చూసుకుంటాయి."

సాహెబు గారు నాలుగు కొబ్బరి మట్టలు ఏరుకొచ్చి, నూకరత్నం దగ్గర కత్తి అడిగి పుచ్చుకుని, వాటిని మేకుల్లా చెక్కారు. తాడు కొస హైమ చేతికిచ్చారు.

"గొట్టం దారి వెడల్పు ఎంత?"

"అరవై అడుగులండి."

"పటం నీ దగ్గరుంది కదా. ఎక్కడ కొట్టమంటే అక్కడ కొడతాను."

హైమ తూర్పు గట్టు మీద మూలరాయి వెతికింది. అక్కడి నుంచి అడుగులు కొలిచింది. మొదటి మేకు దిగింది. రెండోది పడమటి గట్టు మీద. తాడు చేనుకి అడ్డంగా బిగిసింది. మళ్ళీ అరవై అడుగులు కొలిచి మూడోది. నాలుగో మేకు దగ్గరికి వచ్చేసరికి హైమ నడక నెమ్మదించింది. పటంలో ఎర్ర పెన్సిలుతో గీసిన సన్నటి గీత ఇక్కడ చేనులో సగానికి పైగా తినేసింది. రెండు తాళ్ళ మధ్యా గోతులున్నాయి. ఆమె లోపలే లెక్కపెట్టుకుంది. పద్నాలుగు.

"ఈ తాడేంటండీ సాయిబు గారూ?" అని అడిగింది నూకరత్నం.

సాహెబు గారు గట్టు మీద కూర్చుని చెప్పులు విడిచి, అరికాలికి అంటుకున్న మట్టి పుల్లతో గీక్కుంటున్నారు.

ఇంక చెప్పాల్సింది హైమే.

"అమ్మా, ఈ తాళ్ళ మధ్య నుంచే గొట్టం వెళ్తుంది. దసరా వెళ్ళాక తవ్వుతారు. గొట్టం వేసి, మట్టి కప్పేసి మళ్ళీ చేను మీకే వదిలేస్తారు. వరి వేసుకోవచ్చు, అపరాలు వేసుకోవచ్చు. చెట్లు మాత్రం పెట్టకూడదు. ఇల్లు కట్టకూడదు. బావి తవ్వకూడదు."

"ఎన్నాళ్ళు?"

హైమకు ఒప్పందంలో ఇంగ్లీషు మాట గుర్తొచ్చింది. దాన్ని తెలుగులో అనడం ఆమెకి ఇదే మొదటిసారి.

"ఎప్పటికీనమ్మా."

నూకరత్నం గోతుల వైపు చూసింది. తరవాత మొక్కల వైపు. కేకలు వేస్తుందని హైమ అనుకుంది. వేస్తేనే బాగుండునని కూడా అనుకుంది.

"ఈ మాట మొదట్లోనే చెబితే నేను కాదందునా?" అంది నూకరత్నం. "గ్యాసు ఎక్కడో ఓ చోట నుంచి పోవాలి కదా. ఉత్తరం గట్టు వార నుంచి పట్టుకుపొమ్మందును. అటు మెరక. ఏ చెట్టూ బతకదు. నన్నెవరడిగారు?"

ఆమె గునపం తీసుకుని, సగం తవ్విన గోతిలో గుచ్చి, ఇంటికి వెళ్ళిపోయింది.

హైమ పటం మడత పెట్టింది. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టింది. ఉత్తరం గట్టు పక్కనుంచి వెళ్తే గొట్టం నలభై అడుగులు జరగాలి. అటు చేను రైతుకీ, ఇటు చేను రైతుకీ మళ్ళీ చెప్పాలి. ఇంజినీరు ఒప్పుకోవాలి. అసలీ ఊళ్ళో ఇంకెన్ని గోతులున్నాయో తనకి తెలీదు.

"ఫారం ఇస్తావా?" అని అడిగారు సాహెబు గారు. పెన్ను ఆయన చేతిలోనే ఉంది.

హైమ బ్యాగు మీద చెయ్యి వేసింది, తియ్యలేదు.

"ఇంకా నలభై రెండు చేలున్నాయండి."

"ఊఁ," అన్నారాయన. లేచి చెప్పులు తొడుక్కున్నారు. తాడు మాత్రం ఆమె చేతిలోనే వదిలేశారు.

జూన్ అయిపోయింది. గడువు దాటిపోయింది. భూముల అధికారి ఉద్యోగం కాకినాడ నుంచి వచ్చిన ఇంకొకాయనకి ఇచ్చారు. హైమ మీద సూపర్‌వైజరు చాలా కోప్పడ్డాడు. అయిపోయిన పనిని మళ్ళీ తవ్వేవాళ్ళని తను ఎక్కడా చూళ్ళేదన్నాడు. ఆ మాట నిజమే. హైమ మార్చాల్సిన దారి పటం మీద గీసి, ఇంజినీర్ని లంకకి తీసుకొచ్చి, ఎండలో నిలబెట్టి చూపించింది. నూకరత్నం చేను దగ్గర ఇంజినీరు ఒప్పుకున్నాడు. ఇంకో మూడు చోట్ల కూడా ఒప్పుకున్నాడు. మిగతా చోట్ల కుదరదన్నాడు.

ప్రతి చేనులోనూ తాడు కట్టింది. చేను ఎవరిదో వాళ్ళనే పిలిచింది. ఆడవాళ్ళైతే వాళ్ళతోనే మాట్లాడింది. అంతా తెలిసి ఒప్పుకుంటేనే మళ్ళీ సంతకం పెట్టించుకుంది. కొందరికి రెండు మాటల్లో అర్థమైంది, కొందరికి రెండు రోజులు పట్టింది. ఒక పెద్దాయన తాడు చూసి, కంపెనీ వాళ్ళు తన చేనుకి కంచె వేస్తున్నారనుకుని ఊరంతా పోగుచేశాడు. మొత్తం పని అయ్యేసరికి కార్తీకం వచ్చేసింది. ఒప్పుకోనివాళ్ళ సంగతి కలెక్టరాఫీసుకి వెళ్ళింది. అక్కడ విచారణ రోజు కూడా హైమ వెళ్ళి, రైతులు చెప్పినవి చెప్పినట్టు రాసిచ్చింది.

మళ్ళీ జూన్ వచ్చింది. హైమ కొత్త ఫారం నింపుకుని సాహెబు గారింటికి వెళ్ళింది. ఈసారి ఎన్ని రోజులు పట్టిందో రాయలేదు.

ఆయన మొదటి పేజీ నుంచీ చదివారు. అంతా అయ్యాక తలెత్తారు.

"ఎంతమంది కాదన్నారు?"

హైమ కాస్త తడబడింది.

"తొమ్మిది మందండి. ఫారంలో అది రాయడానికి గడి లేదండి."

"వాళ్ళతో మాటలున్నాయా?"

"ఉన్నాయండి. సలాది వీరాస్వామి గారు విచారణలో నా ఎదురుగానే కంపెనీని తిట్టారు. మొన్న వాళ్ళ మనవరాలికి ఓణీలిస్తుంటే పిలిచారు. భోజనం చేసే వచ్చాను. వాళ్ళ పాత దస్తావేజులో తేడా ఉంటే, చూసి పెట్టమన్నారు. చూస్తున్నాను."

సాహెబు గారు లోపలికి కేకేసి టీ రెండు కప్పులు తెమ్మన్నారు. ఫారం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీసి, సిఫారసు చేసేవారి అభిప్రాయం అని ఉన్న చోట నెమ్మదిగా రాశారు. సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఊది హైమకిచ్చారు.

హైమ వీధిలోకి వచ్చాక చదువుకుంది. రెండే వాక్యాలు.

"ఈమెతో తొమ్మిది మంది కాదని చెప్పారు. ఆ తొమ్మిది గుమ్మాలూ ఈమె మళ్ళీ ఎక్కగలదు."