దాలమ్మ పోటు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త పైడమ్మ. అరుగుల మీద చెప్పుకునేది ఇంకొకటుంది. అది దివాణం మెప్పు కోసం అల్లింది. దాన్ని చెవిన పెట్టకండి.

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఒక రాతి మేడ. ఎవరైనా పోతే, వాళ్ల చేతిలో అరిగిన వస్తువొకటి ఆ మేడలో పెట్టేవారు. కొడవలి, కవ్వం, డప్పు, రోకలి. కుర్రకారు వచ్చి చూసిపోవాలి. చూడొచ్చు, ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చచ్చినవాళ్లు వెంట వస్తారని కట్టడి.

ఆ మేడ ఊడ్చి, కాపు కాసేది దాలమ్మ. ఆమె చనిపోయిన కూతురు పెంటి రోకలి కూడా అందులోనే ఉంది.

రానురాను కుర్రకారు రావడం మానేశారు. అప్పుడు మొదలైంది. ఎవరి వస్తువును చూడ్డానికి కుర్రకారు రాలేదో, వాళ్లు ఊరి తలపులోంచి జారిపోయారు. కొడుకు తండ్రి పేరు మరిచాడు. పెళ్లాం మొగుడి గొంతు మరిచింది. ఒకనాడు పొద్దున్నే దాలమ్మ కూతుర్ని తలుచుకుంది. పేరు ఉంది. మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది.

పరుగున వెళ్లి రాజు కాళ్ల మీద పడింది. రాజు దండోరా వేయించాడు. కుర్రకారు వచ్చారు, తలొంచుకు తిరిగారు, పోయారు. పోయిన మొహాలు తిరిగి రాలేదు. రాజు బెల్లం ఉండలు పంచాడు. వచ్చారు, తిన్నారు, పోయారు. పోయిన మొహాలు తిరిగి రాలేదు.

మూడోసారి దాలమ్మే బయల్దేరింది. వాగు దగ్గర ఆడపిల్లల్ని నిలేసింది.

"ఏటే గుంటల్లారా, మేడకి ఎందుకు రారు?"

అందులో నూకికి నోరెక్కువ. "వచ్చి ఏటి సెయ్యాల పెద్దమ్మా? దొంగల్నాగ సేతులు కట్టుకు నిలబడాల. ముట్టకు, నవ్వకు, అడక్కు. మా సేతులకి అక్కడేటి పని?"

"పనుంటే వస్తావా?"

"పనుంటే దెయ్యాల దగ్గరికైనా వస్తాను!" అని పకపకా నవ్వింది నూకి.

దాలమ్మ నవ్వలేదు. పిల్లల్ని మేడలోకి తోలుకొచ్చింది. ఓ రోలు దొర్లించుకొచ్చి అందులో వడ్లు పోసింది. కూతురి రోకలి తీసి నూకి చేతిలో పెట్టింది.

"అమ్మో! వెంటొస్తారంట కదే!"

"వస్తే నా వెంట వస్తారు. మేడ కాసేదాన్ని నేను. దంచు."

నూకి ఒక పోటు వేసింది. రెండోది వేసేలోపు రోట్లో ఇంకో పోటు పడింది. ఇద్దరాడవాళ్లు ఒకే రోట్లో వంతులు దంచితే ఎలా పడుతుందో, అలా. ఎదుట మనిషి లేదు.

"ఆపకు! వరస తప్పితే సెయ్యి నలిగిపోద్ది," అంది దాలమ్మ.

పోటుకు పోటు. పోటుకు పోటు. గోడనున్న డప్పు దానంతటది మోగింది. కవ్వం తిరిగింది. పిల్లలు పారిపోలేదు. "నాకియ్యే, నాకియ్యే!" అని రోకలి కోసం కొట్టుకున్నారు.

ఎదుట దంచుతున్నదెవరో దాలమ్మకు కనిపించింది.

"పెంటీ! ఎంత సెమట పట్టిందే నీ మొహం!" అంటూ కొంగుతో తుడవడానికి రోటికి అటువైపు వెళ్లింది. తిరిగి ఇటు రాలేదు.

ఆ పూటే ఊరందరికీ తమవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. ముట్టుకోకూడదన్న కట్టడి ఆనాటితో పోయింది, కుర్రకారు పిలవకుండానే మేడకు రాసాగారు.

ఇప్పటికీ ఆ పక్క ఆడపిల్లలు ఒంటరిగా దంచేటప్పుడు పోటుకీ పోటుకీ నడుమ కాస్త ఆగుతారు. ఆ ఆగడాన్ని దాలమ్మ పోటు అంటారు. చెవి పెడితే వినబడుతుంది కూడా. మేడ గుమ్మం మీద మాత్రం కట్టడి తీయించింది రాజేనని చెక్కారు. రాజు చేసింది దండోరా, బెల్లం. అంతే. ఉలి పట్టే చెయ్యి ఉన్నవాళ్లెవరైనా వెళ్లి, ఆ రాత చెరిపి దాలమ్మ పేరు చెక్కండి.