తామ్రవేణీ తీరాన ఉదయం చెప్పినవాడు

పూర్వం, కృతయుగం ముగియవచ్చిన కాలంలో, తామ్రవేణీ నదీతీరాన అల్పశ్రుతుడనే తాపసుడు ఉండేవాడు. నేర్చిన వేదం సగంలో మరిచాడని గురుకులం నుంచి వెళ్లగొట్టబడి, సర్వశాస్త్రాలూ తెలిసిన మహామహులు పెట్టిన ఆ ఎగతాళి పేరునే మోసుకు తిరిగి తిరిగి, తానసలెందుకు పుట్టాడో కర్మసాక్షి అయిన సూర్యభగవానుణ్ణే అడిగి తేల్చుకుందామని, పన్నెండేళ్ల మౌనవ్రతం పట్టి మొలలోతు నీళ్లలో నిలబడ్డాడు.

ఆ రేవులోనే, బిడారులవారు బరువని దించి వెళ్లిపోయిన అంధులు పాతికమంది గుడిసెలు వేసుకుని బతుకుతూ, రోజూ వేకువన సూర్యుడికి అర్ఘ్యమిచ్చేవారు. పొద్దు పొడిచేదెప్పుడో తెలియక ఒకడు చీకట్లోనే నీళ్లు వదిలితే, ఇంకొకడు ఎండ వీపు కాల్చాక వదిలేవాడు.

మూడో ఏట ఒకనాడు పింగళ అనే అంధవృద్ధురాలు నీళ్ల అలికిడి పట్టి అతని దగ్గరకు వచ్చింది.

"ఎవరో ఉన్నావు గదా నాయనా, పొద్దు పొడిచిందా?"

అతడు పలకలేదు.

"మాకు కళ్లు లేవు, నీకు నోరు లేదు. భలే జతపడ్డాం!"

తాపసుడికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే వ్రతమూ పోయింది. "పొడుస్తోందవ్వా, ఎర్రగా ఉంది" అన్నాడు.

"ఎరుపంటే?" అని వెనకనుంచి అడిగాడు పుట్టంధుడైన కుణిందుడు.

"మిరియం కొరికితే చెవుల్లోకి ఎక్కే వేడి ఉందే, అది."

పాతిక ముఖాలూ ఒక్కసారే తూర్పుకు తిరిగాయి. నాటి నుంచి అల్పశ్రుతుడు పసుపును కాగుతున్న నేతి వాసనతోనూ, మబ్బును తడిసిన గొంగళి బరువుతోనూ పోల్చి, తొమ్మిదేళ్లపాటు ఒక్క పూట తప్పకుండా ఉదయాన్ని చెప్పాడు.

పన్నెండో ఏట, అతనికి ఆ పేరు పెట్టిన మహర్షులే యాగానికి పోతూ అతణ్ణి చూసి, "వ్రతభ్రష్టుడా! గుడ్డివాళ్లకు కబుర్లు చెప్పుకుంటూ ఇక్కడ తేలావా? నీకిక సూర్యానుగ్రహం కల్ల!" అని నవ్విపోయారు. ఆ మాట ముల్లులా దిగింది. మర్నాటి వేకువ అతడు మళ్లీ మౌనం పట్టి, పళ్లు బిగించి నిలబడ్డాడు.

పాతిక దోసిళ్లు నీళ్లు పట్టి ఎదురుచూశాయి. పొద్దు పొడవలేదు. పక్షులు అరిచి అరిచి ఊరుకున్నాయి, ఆవులు పాలు చేపలేదు, యాగశాలలో మహర్షులు మంత్రాలు చదివి చదివి గొంతులు పోగొట్టుకున్నారు. ఉదయాద్రి అంచున సూర్యసారథి అనూరుడు పగ్గాలు బిగించి కూర్చోగా ముల్లోకాలూ గడగడలాడాయి.

'నాకూ చూపు పోయిందా?' అని అల్పశ్రుతుడు కళ్లు నులుముకున్నాడు. అంతలో పక్కన నీటి చుక్కలు రాలుతున్న చప్పుడు వినిపించింది. పింగళ చేతులు అదురుతున్నా దోసిలి దించలేదు.

"ఏమైంది నాయనా ఇవాళ? మా మీద కోపమా?"

అతడు ఆమె చేతుల కింద తన అరచేతులు పెట్టాడు. "లేదవ్వా. ఇంకా నల్లగానే ఉంది. కంబళి ముసుగులో మన ఊపిరే మనకు తగిలినట్టు, వెచ్చటి నలుపు. ఇదుగో, అంచున పలచబడుతోంది..."

అతడు చెప్పేకొద్దీ చెప్పిన చోటల్లా వెలుగు పుట్టింది. ఆ వెలుగులోంచి, కిరీటకుండలాలతో, తామరలు పట్టిన చేతులతో, సహస్రకిరణుడైన భాస్కరుడు ప్రత్యక్షమై, మేఘగంభీరస్వరంతో ఇలా పలికాడు:

"వత్సా! సృష్ట్యాది నుంచి నేను చూడనిది లేదు, నా ఉదయం తప్ప. చూసినవారు చూసి ఊరుకున్నారు. స్తుతించినవారు కళ్లు మూసుకుని స్తుతించారు. తొమ్మిదేళ్లుగా నీ నోటనే విని నేనెలా ఉంటానో తెలుసుకున్నాను. ఇవాళ నువ్వు పలకకపోతే, ఎలా పైకి రావాలో నాకే తోచలేదు. నా రథంలో చోటిస్తాను, రా."

అల్పశ్రుతుని ఒళ్లంతా గగుర్పొడిచింది. "స్వామీ, ఎందుకు పుట్టానో తెలిసింది, అది చాలు. రథమెక్కితే రేపు వీళ్లకెవరు చెబుతారు? నేను పోయాక కూడా ఈ రేవులో చెప్పేవాడొకడు ఉండేట్టు వరమియ్యి."

"తథాస్తు!"

"ఎవరితోనయ్యా ఆ మంతనాలు?" అని కసిరింది పింగళ. "నీళ్లు వదలమంటావా, వద్దా?"

"వదలండవ్వా!"

పాతిక దోసిళ్ల అర్ఘ్యం ఒక్కసారే నదిలో పడింది. సప్తాశ్వాలు కదిలాయి, హోమాగ్నులు లేచాయి, కాలం గాడిన పడింది. ఈ వృత్తాంతం విన్నవారు చూపులేనివారి పక్కన ఒక్క వేకువైనా నిలబడి కన్నది కన్నట్టు చెబితే, ఆ లోకబాంధవుడు రథం ఆపి చెవియొగ్గి వింటాడు.