శకునపు కోడి పస్తు

అనగనగా పిల్లలూ, సముద్రాలకి అవతల, ఎప్పుడూ మంచు కమ్ముకునే ఒక దేశంలో ఓక్ అనే పెద్ద చెట్ల అడవి ఉండేది. అందులో కెల్టు జనం ఉండేవాళ్ళు. అడవి నడుమ ఒక మాయ ఊట ఉంది. ఆ నీళ్ళు తాగితే ఏ భాషైనా అర్థమైపోతుంది. పిట్టల భాష, చెట్ల భాష, పరాయి దేశం వాళ్ళ భాష, అన్నీ!

ఒకనాడు రోమన్ సైన్యం వచ్చి, అడవి పక్కన పారే ఏటికి అవతలి గట్టున గుడారాలు వేసింది. ఆ అడవిని నరికి కోట కట్టుకోవాలని వాళ్ళ ఆశ.

ఆ సైన్యంలో అందరికన్నా గొప్పది ఎవరో తెలుసా? సేనాపతి అనుకుంటున్నారు కదూ? కాదు. ఒక కోడిపెట్ట! దాని పేరు ఫ్లావియా. యుద్ధానికి ముందు శకునపు కోడికి గింజలు చల్లడం రోమన్ల ఆచారం. కోడి ఆబగా తింటే దేవతలు సరేనన్నట్టు. ముట్టకపోతే వద్దన్నట్టు.

"నా ముక్కు కదిలితేనే సైన్యం కదులుతుంది," అని ఫ్లావియా తెగ మురిసిపోయేది. అయితే యుద్ధానికి ముందురోజు తనకి మేత ఎందుకు వేయరో దానికి తెలియదు. శకునం తప్పకుండా మంచిగా రావాలని సేనాపతి రహస్యంగా దాన్ని పస్తు పెట్టించేవాడు. ఎంత తెలివో చూడండి!

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా నెమెత అనే ముసలి కుందేలు తేలుతున్న కొమ్మ మీద కూర్చుని ఏరు దాటింది. దాని చెవి ఒకటి సగం కాలిపోయి ఉంది. ఓక్ కాయ చిప్పలో ఊట నీళ్ళు తెచ్చి ఫ్లావియా ఉన్న బోను ముందు పెట్టి ఏదో అంది. ఫ్లావియాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ దాహంగా ఉంది కదా, నీళ్ళు గటగటా తాగేసింది.

"ఇప్పుడు నా మాట తెలుస్తోందా తల్లీ?" అంది కుందేలు.

"భలే, తెలుస్తోంది అవ్వా! నీ చెవికేమైంది?"

"కిందటేడు నువ్వు గింజలు తిన్న రోజున కాలింది. నువ్వు తిన్నావు. మీవాళ్ళు మా పాత అడవికి నిప్పు పెట్టారు. నా పిల్లలు అందులోనే ఉండిపోయారు."

ఫ్లావియా రెక్కలు ముడుచుకుపోయాయి. తినగానే దాన్ని బోనులో పెట్టేసేవాళ్ళు. ఆ తర్వాత ఏం జరిగేదో అది ఎప్పుడూ చూడలేదు.

"నాకు తెలియదవ్వా," అని ఏడ్చింది.

"తెలియదనే చెప్పడానికొచ్చాను. రేపు తినకు తల్లీ."

"తినకపోతే నన్ను కూర వండేస్తారేమో!"

"వండినా వండొచ్చు," అంది నెమెత. అది అబద్ధం చెప్పే రకం కాదు. "ఇక నీ ఇష్టం."

మీరైతే ఏం చేసేవాళ్ళు పిల్లలూ? నాకైతే ఒక్క పూట తిండి ఆలస్యమైతే చాలు, కడుపులో ఎలుకలు పరిగెడతాయి.

తెల్లవారింది. సైన్యమంతా బారులు తీరింది. కోడి కాపరి బోను తలుపు తీసి గోధుమలు చల్లాడు. ఫ్లావియా గింజల దాకా వచ్చింది. కానీ ముట్టలేదు.

"నానబెట్టిన బార్లీ వెయ్యి," అన్నాడు సేనాపతి. వేశాడు కాపరి. ఫ్లావియా మొహం తిప్పుకుంది. సైనికుల్లో గుసగుసలు మొదలయ్యాయి.

మూడోసారి తేనెలో ముంచిన రొట్టె ముక్కలు వచ్చాయి. ఆ వాసనకి ఫ్లావియా మెడ దానంతటదే వంగింది. ముక్కు రొట్టెకి తగలబోయింది. సరిగ్గా అప్పుడే అడవి వైపు నుంచి ఓక్ చెట్ల మాటలు వినపడ్డాయి. "ఏడవకండి బుజ్జి పిట్టల్లారా, మేమున్నాం కదా," అని అవి గూళ్ళలోని పిల్లల్ని ఊరడిస్తున్నాయి. నరికేది తమనే అని తెలిసి కూడా!

ఫ్లావియా మెడ నిటారుగా ఎత్తింది. తేనె రొట్టెని కాలితో వెనక్కి తన్నేసింది.

సేనాపతికి ఒళ్ళు మండింది. "నిన్న దీనికి మేత వేశావా?" అని కాపరి మీద అరిచాడు.

కాపరి భయంతో ఉన్నదంతా కక్కేశాడు. "లేదు దొరా! మీరు చెప్పినట్టే పస్తు పెట్టాను. ఒక్క గింజ కూడా వేయలేదు!"

ఆ మాట సైన్యమంతా వింది. "ఏమిటీ, శకునంలో మోసమా? పస్తున్న కోడి తేనె రొట్టెని తన్నిందంటే దేవతలకి ఎంత కోపం వచ్చిందో!" అంటూ డాళ్ళు అక్కడే పారేసి పరుగు లంకించుకున్నారు. "ఆగండి! ఆగండి!" అని సేనాపతి గొంతు చించుకున్నాడు. చివరికి గట్టు మీద తానొక్కడే మిగిలాడు. అటూ ఇటూ చూసి, ఒక చెప్పు బురదలో వదిలేసి, తనూ పరుగెత్తాడు!

పొదలో దాక్కున్న నెమెత బయటికొచ్చి ఫ్లావియాని కొమ్మ మీద ఏరు దాటించింది. అడవి వైపు గట్టున కెల్టుల రాణి, ఆవిడ వెనక జనం నిలబడి ఉన్నారు. ఫ్లావియా నెమెత వెనక నక్కింది. "అవ్వా, వీళ్ళు నన్ను తింటారా?"

రాణి కూడా ఊట నీళ్ళు తాగినదే. ఫకాలున నవ్వింది. "మా దగ్గర కోడినీ కుందేలునీ ఎవరూ తినరు తల్లీ. అది మా ఆచారం," అని దాన్ని భుజాన కూర్చోబెట్టుకుంది. ఇత్తడి కొమ్ముబూరలు అడవి అదిరేలా మోగాయి. ఓక్ చెట్లు ఆకులన్నీ ఊపాయి.

అప్పుడు రాణి దోసెడు గోధుమలు పోసింది. ఫ్లావియా కడుపు పట్టనంత తింది. ఈసారి అది తిన్నందుకు ఎవరి గూడూ కాలలేదు.

నీతి: మన ముద్ద వల్ల ఇంకొకరి గూడు కాలుతుందని తెలిశాక, ఎంత ఆకలిగా ఉన్నా దాన్ని వద్దనాలి. అలా అనగలిగిన చిన్న ప్రాణి పెద్ద సైన్యాన్నైనా ఆపగలదు.