వెనక జుట్టు

శౌరికి లాటిన్ బాగానే వచ్చింది. స్నేహితులే రాలేదు. చర్చిలో గురువు కావాలని సెమినరీలో చేరి ఏడాది కావస్తున్నా, భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చునే బర్నబా కూడా అటు తిరిగే మాట్లాడేవాడు. తప్పంతా వాళ్లదేనని శౌరి నమ్మకం.

అక్కడికి మంగలిని పిలిచే అలవాటు లేదు. శనివారం సాయంత్రం వరండాలో స్టూళ్లు వేసుకుని కుర్రాళ్లే ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకోవాలి. శౌరి మాత్రం ఒకరిని అడగడమేమిటని, గదిలో అద్దం ముందు నిలబడి తన పని తనే కానిచ్చుకునేవాడు. ముందు నుంచి చూస్తే దొరబాబు. వెనక నుంచి చూస్తే మేక మేసిన చేను. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్లు లేరు.

ఆ శనివారం లాటిన్ క్లాసులో ఫాదర్ రాయప్పగారు రెండు మాటలు నేర్పారు. 'సే' అంటే, చేసిన పని చేసినవాడి మీదికే తిరిగొచ్చే 'తనను'. 'ఇప్సే' అంటే, ఇంకెవరో కాదు, స్వయంగా 'తానే'. రెండూ కలిపి ఒక వాక్యం చెప్పమన్నారు.

అందరూ తలలు గోక్కుంటుంటే శౌరి లేచి వెళ్లి బోర్డు మీద రాశాడు: 'ఇప్సే సే తోందెత్.' తానే తన జుట్టు కత్తిరించుకుంటాడు.

వెనక నుంచి బర్నబా నవ్వాడు. తర్వాత క్లాసంతా నవ్వింది.

"తప్పుందా ఫాదర్?"

"వాక్యంలో లేదు" అన్నారాయన.

సాయంత్రం శౌరి ఆయన గదికి వెళ్లాడు. "ఇంటికి వెళ్లిపోతాను ఫాదర్. ఇక్కడ నాకెవరూ లేరు" అన్నాడు.

ముసలాయన సొరుగులోంచి కత్తెర తీసి అతని చేతికిచ్చారు. స్టూలు లాక్కుని, వీపు ఇటు తిప్పి కూర్చున్నారు. తెల్లజుట్టు కాలరు దాటి కిందికి దిగింది.

"నేనా ఫాదర్?"

"నేనంటే అందరికీ భయం. అడిగితే తప్ప ఎవరూ రారు. అడగడానికి నాకూ మొహమాటమే."

శౌరి మెల్లగా కత్తిరించాడు. ఎముకలు తేలిన ఆ మెడ చూస్తే ఏడుపొచ్చింది. ఈ గదిలో ఈయన ఒక్కరే ఉంటారన్న సంగతి ఇన్నాళ్లూ తనకు తట్టనే లేదు.

"ఎలా కుదిరింది?" అన్నారు ఫాదర్, మెడ తడుముకుంటూ.

"కాస్త ఎగుడుదిగుడుగా వచ్చింది ఫాదర్."

"ఫర్వాలేదు. నాకు కనపడని వైపు ఎవరో ఒకరు చూశారు, అంతే చాలు." ఆయన లేచి భుజాల మీది వెంట్రుకలు దులుపుకున్నారు. "పొద్దున్నే బస్సుంది. వెళ్తానంటే ఆపను."

కత్తెర మాత్రం తిరిగి తీసుకోలేదు.

వరండాలోంచి అందరూ వెళ్లిపోయారు. బర్నబా ఒక్కడే నేల ఊడుస్తున్నాడు. శౌరి కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత వెళ్లి, కత్తెర అతని చేతిలో పెట్టి, వీపు తిప్పి స్టూలు మీద కూర్చున్నాడు.

"వెనక నాకు అందటం లేదు బ్రదర్" అన్నాడు.