మోచేతి లోతు: అరచేతి తిప్ప తల్లి కథ

మా పెద్దల నోట విన్నదీ, కళ్ళారా చూసినదీ కలిపి ఇది రాస్తున్నాను. ఈ మధ్య నాకు ముందుది వెనక్కు, వెనకది ముందుకు వస్తోంది. వరుస ఎక్కడైనా తప్పితే భక్తులు నన్ను తప్పుపట్టండి గాని తల్లిని కాదు. ఉన్నది కూడా జారిపోకముందే కాగితం మీద పెట్టాలని కూర్చున్నాను.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, ప్రభుత్వం వారు కాపాడుతున్న మడ అడవి నడుమ, అరచేతి తిప్ప ఉంది. పాతగొల్లల రేవులో పడవ ఎక్కితే ముప్పావు గంట ప్రయాణం. ఇక్కడ గుడికి గోడలు లేవు, రాతి విగ్రహం లేదు. ఉప్పునీటి బురదలో పెరిగే ఒక ముసలి ఉప్పుపొన్న చెట్టు, దాని వేళ్ళ మధ్య బురదలో ఒక అరచేతి ముద్ర. అదే తల్లి. పోటు వస్తే ముద్ర చెరిగిపోతుంది. నీరు తీయగానే ఆ రోజు వంతు వచ్చిన ఇల్లాలు మళ్ళీ చెయ్యి అద్దుతుంది. తిప్ప మీద గునపం గాని పార గాని దించరు. మాఘ పౌర్ణమి తీర్థానికి సైతం రాటలు పాతరు. నాలుగు పడవలు జతకట్టి వాటి మీదే పందిరి వేస్తారు. దీపం గేదె నేతితోనే వెలిగిస్తారు, నూనె ముట్టరు. ఇవన్నీ ఎందుకని కొత్తగా వచ్చినవారు అడుగుతారు.

పూర్వం ఇక్కడ లోవన్న అనే కాపరి, భార్య నూకాలమ్మతో కలిసి గేదెలను మేపుకునేవాడు. తిప్ప మీద చేత్తో తోడుకున్న చెలమలో తియ్యటి నీళ్ళు ఉండేవి. చుట్టూ ఉప్పునీళ్ళే గనుక మందకూ మనుషులకూ ఆ చెలమే ప్రాణం. అయితే ప్రతి పోటుకూ కట్టుకొయ్యలు వదులై గేదెలు కొట్టుకుపోతుండేవి. లోవన్నకు విసుగు పుట్టింది. పడవ గెడ తెచ్చి, గట్టినేల తగిలేదాకా దించి, అక్కడ కొయ్య పాతాలనుకున్నాడు. గెడకు అడుగు తగలలేదు. ఇంకో గెడ జతచేసి దించాడు.

"గేదెను కట్టడానికి పాతాళం దాకా ఎందుకు మావా? అదేమన్నా ఎగిరిపోయే పిట్టా?" అని నూకాలమ్మ నవ్వింది.

గెడ పైకి లాగేసరికి రంధ్రంలో నుంచి నల్లని జిడ్డు ఊరింది. వత్తి ముంచి అంటిస్తే భగ్గున వెలిగింది. ఇక ఆముదం కొనే పని లేదని లోవన్న మురిసిపోయాడు. రేవులో వాళ్ళు కుండలు పట్టుకుని వచ్చారు, ఇంకా వెడల్పు చేయమన్నారు. తొమ్మిది రోజులు ఇంటింటా దీపాలు వెలిగాయి. పదో రోజు చెలమ మీద రంగురంగుల పొర తేలింది. గేదెలు మూతి పెట్టి వెనక్కు తిరిగాయి. రెండు దూడలు నేలకు ఒరిగాయి. ఎంత బురద కూరినా ఆ రంధ్రం బయటకు కక్కేసేది.

ఆ మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి కునుకు పట్టిన లోవన్నకు, మోచేతుల దాకా బురద పూసుకున్న ఒక స్త్రీ కలలో కనిపించింది. "ఒరే లోవా, మోచేతి లోతు వరకు నీది. పీతలున్నాయి, తియ్యటి నీళ్ళున్నాయి, తీసుకో. ఆ కింద ఉన్నది నాది. నా మూత తీశావు. మళ్ళీ పెట్టు" అంది.

"దేంతో పెట్టను తల్లీ?"

"తీసిన చేత్తోనే."

లేచి భార్యకు చెప్పాడు. నూకాలమ్మ ముందుగా వెళ్ళి రంధ్రం మీద అరచెయ్యి వేసింది. దాని మీద అతను చెయ్యి వేశాడు. పోటు వచ్చింది. నీరు నడుముకు, భుజానికి, గడ్డానికి ఎక్కింది. ఇద్దరూ కదలలేదు. అప్పుడు అలల మీద తేలి వచ్చిన ఒక ఉప్పుపొన్న కాయ, ఈటెలా పొడవాటిది, వారి వేళ్ళ సందున నిటారుగా నిలిచి, కిందికి దిగి నాటుకుంది. నీరు తీసేసరికి ఊట ఆగింది. కింది చెయ్యి నూకాలమ్మది గనుక బురదలో నిలిచిన ముద్ర ఆవిడది. అందుకే నేటికీ చెట్టు వేళ్ళ మధ్య తల్లి ముద్ర వేసేది ఆడవాళ్ళే.

ఇది విన్న కథ. ఇక చూసినది.

ఏడేళ్ళ కిందట ఒక చమురు కంపెనీ వారు ఈ తిప్ప కింద నూనె ఉందని, బావి తవ్వుతామని అర్జీ పెట్టుకున్నారు. మా మేనల్లుడు ధర్మారావు ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నాడు. వాళ్ళ సర్వేలో కూలికి కుదిరాడు. బావి వస్తే ఉద్యోగం ఖాయమన్నారట. అభిప్రాయాలు వినడానికి ఒక అధికారిణి తిప్పకే వచ్చారు. షామియానా వాళ్ళు గునపాలతో దిగబోతే ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. చివరకు సభ కూడా పడవల మీదే జరిగింది.

"అమ్మవారు జీతం ఇస్తుందా? కంపెనీ ఇస్తుంది" అన్నాడు ధర్మారావు, అందరి ముందూ.

పీతలు పట్టే పెద్దింట్లు అనే ఆవిడ లేచింది. "ఇస్తుందిరా. రోజూ బుట్టెడు పీతలిస్తుంది. నీ ఐటీఐ ఫీజు ఏ బొరియలోంచి వచ్చిందనుకున్నావు?"

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "ఆ పీతలే అమ్ముకుని బతుకుతున్నాం గదా పిన్నీ, మరి మా అమ్మకు కాన్పు నొప్పులొచ్చిన రోజు ఆసుపత్రికి పడవెందుకు దొరకలేదు?" అన్నాడు. వాడన్నది అబద్ధం కాదు. వాడి తల్లి, మా వదిన, పడవ కోసం చూస్తూ ఆ రేవులోనే పోయింది.

అధికారిణి ఇంజనీరును ఎంత లోతు వెళతారని అడిగారు. మూడు వేల మీటర్లన్నాడు. పెద్దింట్లు తన మోచెయ్యి పైకెత్తి, "నాది ఇంతేనమ్మా" అంది.

తిప్ప వెనక మడలో సర్వే వాళ్ళు వేసిన రంధ్రాలు చూపించమన్నారు అధికారిణి. దారి తెలిసింది ధర్మారావుకే. నేనూ వెనకే నడిచాను. ఒక చోట మూయకుండా వదిలేసిన రంధ్రంలో నుంచి బూడిదరంగు నీళ్ళు కారుతున్నాయి. చుట్టూ ఒక గది మేర బురద గట్టిపడి ఉంది. పెద్దింట్లు వంగి ఒక్కొక్క పీత బొరియలో చెయ్యి పెట్టి తీసింది. "ఖాళీ." ఇంకొకటి. "ఇదీ ఖాళీయే."

"ఎవరు వేశారు ఇది?" అన్నారు అధికారిణి.

కంపెనీ వారు కాగితాలు తిరగేస్తున్నారు. ధర్మారావు మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు. "నేను వేసిందే మేడమ్" అన్నాడు. ఉద్యోగం పోయినట్టేనని వాడికి తెలుసు. "రాసుకోండి. కానీ మాకు ఆసుపత్రి పడవ కావాలని కూడా రాసుకోండి."

రెండూ రాసుకున్నారు. ఏడాది తిరిగేసరికి మడ అడవి సరిహద్దు గీత లోపల తవ్వకూడదని ఉత్తర్వు వచ్చింది. మళ్ళీ పరిశీలిస్తామని ఒక మాట అందులో ఉందంటారు. ఉండనివ్వండి, చూసేవాళ్ళం మేమూ ఉన్నాం. ఆసుపత్రి పడవ ఆ మరుసటి వర్షాకాలంలో వచ్చింది. దాన్ని నడిపేది ధర్మారావే. ఇంతవరకు పదకొండు మందిని కాన్పుకు వేళకు చేర్చాడు. ఆ రంధ్రం మీద వాడు నాటిన పొన్న ఇప్పుడు వాడి భుజం దాటింది. దాని కింద పీతలు తిరిగి వచ్చాయి.

నేటికీ తీర్థానికి వచ్చిన ప్రతివారూ ఒక పొన్న కాయను బొటనవేలితో బురదలో గుచ్చి, పక్కన అరచెయ్యి అద్ది వస్తారు. ఆ కాయ వేరు పట్టినంత గట్టిగా ఇంట్లో పాడీ పిల్లలూ నిలుస్తారని నమ్మకం. తెచ్చుకున్న కోరిక మోచేతి లోతులో ఉంటే తల్లి కాదనదు.

ధర్మా, నువ్వు చదువుతావని తెలుసు. కాపరి పేరు లోవన్నేనా, లోవయ్యా? మీ అమ్మ పేరు రాయబోతే కలం ఆగిపోయింది, గుర్తు రాలేదు. ఆ ఒక్కటీ నువ్వే రాసి, మిగతా పేర్లు సరిచూసి అచ్చుకివ్వు.